నిమ్మతోటలో వాన కురిపించే ముందు

చిరంజీవి చిట్టితల్లికి పెదనాన్న ఆశీస్సులు.

పొదలకూరు నిమ్మతోటల్లో కృత్రిమ వాన కురిపించి, నేలలో ఇంకకుండా పారిపోయే నీళ్లెన్నో కొలుస్తానని రాశావు. మంచి ఆలోచన. మన నెల్లూరులో వాన ఎక్కువగా అక్టోబరు, డిసెంబరు మధ్యే పడుతుంది, అదీ వాయుగుండం వస్తే కుండపోత. దానికోసం కాచుకుంటే నీ పీజీ గడిచిపోతుంది.

వాన కురిపించే మిషన్ గురించి అంత టెన్షన్ వద్దు. అసలు ముఖ్యం నీళ్లు. తోటలో బోరుంది కదా అని ఆ నీళ్లే నాజిల్‌కి కలపకు. ఉప్పు, సున్నం ఎక్కువున్న నీళ్లలో బంకమట్టి రేణువులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి, నేల బాగా పీలుస్తుంది. వాన నీళ్లలో ఉప్పు దాదాపు ఉండదు, రేణువులు విడిపోయి పైన పెచ్చు కడుతుంది. అంటే బోరు నీళ్లతో చేస్తే పారే నీళ్లు తక్కువగా తేలే ప్రమాదముంది. పట్టిపెట్టిన వాన నీళ్లు గానీ, ఊళ్లో ఆర్వో ప్లాంటు నీళ్లు గానీ వాడు. నీళ్లలో ఉప్పెంతుందో చూపే ఈసీ మీటరుతో చూసి, రీడింగు రాసుకో.

చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వానంటే ఒక లీటరు. గంటకు 60 మిల్లీమీటర్ల చొప్పున అరగంట కురిపిస్తే, నేలలో దించే చదరపు మీటరు ఫ్రేములో పడేది 30 లీటర్లే. కానీ నాజిల్ చుట్టూ కూడా చిమ్ముతుంది, చిమ్మాలి కూడా. బయట నేల పొడిగా ఉంటే లోపలి తడి పక్కలకు లాగేస్తుంది. డ్రమ్ములు సరిపడా తెప్పించుకో.

ముందు నేల మీద వరసగా డబ్బాలు పెట్టి, అన్నిచోట్లా సమంగా పడుతోందో లేదో చూడు. సమానత 80 శాతం దాటాలి. వాన జోరు పెంచాలని ప్రెషర్ పెంచావో, చినుకులు సన్నబడి నేలను గట్టిగా కొట్టవు. గాలి లేవకముందే, తెల్లవారుజామున పని కానివ్వు.

ఫ్రేము ఎక్కడ దించాలి? అందరూ చెట్టు కింద నీడ చూసుకుంటారు! అక్కడ ఎండుటాకులుంటాయి, నీళ్లు ఇంకిపోతాయి. ట్రాక్టరు టైర్లు తొక్కిన దారిలో, కలుపు మందు కొట్టి బోడిగా వదిలిన నడుమల్లో, గడ్డి ఉంచిన సాళ్లలో విడివిడిగా చెయ్యి. ఎర్రనేలలో తేడా అక్కడే బయటపడుతుంది. డ్రిప్ ఎప్పుడు వదిలారో రైతునడుగు. ప్రతిసారీ కురిపించే ముందు నేల తేమ కొలువు.

నీళ్లు పారడం మొదలైన నిమిషం రాసుకో. రెండేసి నిమిషాలకో సీసా మార్చు. నీళ్లతో సీసాల్లోకి కొట్టుకొచ్చిన మట్టిని ఓవెన్లో 105 డిగ్రీల దగ్గర ఆరబెట్టి తూచు.

ఒక్కటి మాత్రం మరవకు. చదరపు మీటరులో వచ్చిన అంకెను ఎకరానికి గుణించి రైతుకు చెప్పొద్దు. వాలు పొడవునా నీళ్లు చేరేకొద్దీ జోరూ కోతా మారతాయి, మధ్యలో కొంత ఇంకుతుంది కూడా. గడ్డి సాలుకీ బోడి సాలుకీ తేడా చెప్పు, చాలు.

డబ్బాల కొలతలు ముందు నాకు ఫొటో తీసి పంపు.

నీ
పెదనాన్న