తప్పు ఆప్షన్లు రాయడం నేర్చుకో

తమ్ముడూ,

నువ్వు పంపిన మాక్ టెస్టు ప్రశ్నలు చదివాను. నెట్ (కాలేజీ అధ్యాపకుల అర్హత పరీక్ష) రాయబోయే పిల్లల కోసం కదా, "కాస్త గట్టిగా ఉండాలి మాస్టారూ" అన్నావు. గట్టిగానే ఉన్నాయి. ఎందుకు గట్టిగా ఉన్నాయన్న దగ్గరే నీతో నాకు పేచీ.

'మహాప్రస్థానం' పుస్తకంగా వెలువడిన ఏడాది అడిగి 1948, 1949, 1950, 1951 అని నాలుగు ఆప్షన్లు పెట్టావు. శ్రీశ్రీని ఇష్టంగా చదువుకున్న అమ్మాయి ఇక్కడ తడబడొచ్చు. పుస్తకం ముఖం చూడకుండా బిట్ బ్యాంకు బట్టీ పట్టినవాడు ఠక్కున 1950 పెట్టేసి ముందుకు వెళ్తాడు. కష్టమైన ప్రశ్నే, ఒప్పుకుంటాను. సాహిత్యం తెలిసినవాళ్లకు మార్కు ఇచ్చే ప్రశ్న మాత్రం కాదు.

అలాగని ఆ ఏడాదిని పారెయ్యక్కర్లేదు. జవాబు స్థానంలోంచి తీసి తప్పు ఆప్షన్‌లోకి పంపించు. ఇలా అడిగి చూడు: "మహాప్రస్థానం గీతాలకు ప్రేరణ రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక వచ్చిన పరిస్థితులేనని ఒకరి వాదన. దాన్ని అన్నిటికంటే బలహీనపరిచేది ఏది?" ఆప్షన్లు: పుస్తకం 1950లో వెలువడింది. గీతాల్లో కార్మికులు, నిరుపేదలు కనిపిస్తారు. గీతాల్లో ఎక్కువ భాగం 1930ల్లో రాసినవి. చాలా గీతాలు మాత్రాఛందస్సులో నడుస్తాయి.

నాలుగూ నిజాలే. జవాబు మాత్రం మూడోది ఒక్కటే. 1950 బట్టీ పట్టినవాడికి మొదటి ఆప్షన్ బాగా తెలిసిన ముఖంలా కనిపిస్తుంది, చెయ్యి అటే పోతుంది. అది ఆ వాదనకు ఊతమిస్తుందే తప్ప దాన్ని దెబ్బ తియ్యదని ఆగి ఆలోచించినవాడికే తెలుస్తుంది. ఇక్కడ నీకు ఇంకో ఆశ పుడుతుంది, 'దీనికి చలం ముందుమాట రాశాడు' అన్నది కూడా ఒక ఆప్షన్‌గా పెడదామని. పెట్టకు. ఆ 'యోగ్యతాపత్రం' 1940 నాటిది. ఆ సంగతి తెలిసిన విద్యార్థి "యుద్ధం ముగియకముందే గీతాలున్నాయనడానికి ఇదీ సాక్ష్యమే కదా సార్" అంటాడు. వాడి మాట నిజం. ప్రాథమిక కీ వచ్చిన మర్నాడే అభ్యంతరం వచ్చి పడుతుంది, నీ దగ్గర సమాధానం ఉండదు.

అసలు ఈ పనిలో ఎక్కువ కాలం పట్టాల్సింది తప్పు ఆప్షన్లకే. నీ ప్రశ్నల్లో జవాబు ఒక్కటే శ్రద్ధగా రాసి, మిగతా మూడూ ఖాళీ నింపడానికి పెట్టినట్టు ఉన్నాయి. 'కన్యాశుల్కం'లోని గిరీశం గురించిన ప్రశ్ననే చూడు. "చివరికి గిరీశం ఏమయ్యాడు?" అనే ధోరణిలో అడిగి, ఒక ఆప్షన్‌లో అతను సన్యాసం తీసుకున్నాడని రాశావు. అది ఎవరు పెడతారు? ఎవరూ పెట్టరు. అంటే నీది మూడు ఆప్షన్ల ప్రశ్నే. ప్రతి తప్పు ఆప్షన్ వెనకా నిజంగా అలా అనుకునే విద్యార్థి ఒకడుండాలి. వాడెక్కడ దొరుకుతాడంటే, నీ క్లాసులోనే. ఇంటర్నల్ పరీక్షల్లో పిల్లలు రాసిన వ్యాసరూప సమాధానాలు తిరగెయ్యి. గిరీశం వితంతు వివాహాల గురించి దంచే ఉపన్యాసాలను గురజాడ సొంత అభిప్రాయాలుగా రాసేవాడు ఒకడుంటాడు. "డామిట్! కథ అడ్డంగా తిరిగింది" అన్న ఆఖరి మాటలో పశ్చాత్తాపం చూసేవాడు ఒకడుంటాడు. గిరీశం దుర్మార్గుడు కాబట్టి అతని నోట వచ్చిన సంస్కరణ మాటలన్నీ గురజాడ ఖండించినవే అనుకునేవాడు ఇంకొకడు. "గిరీశం పాత్రను గురజాడ ఎలా మలిచాడు?" అన్న ప్రశ్నకు మూడు తప్పు ఆప్షన్లూ తయారయ్యాయి చూశావా! మూడూ ఆ నాటకాన్ని సగం చదివినవాళ్లు చేసే పొరపాట్లే, నువ్వు కల్పించినవి కావు. ఒక జాగ్రత్త. 'కన్యాశుల్కం' 1897లో అచ్చయింది, 1909లో గురజాడ దాన్ని బాగా పెంచి తిరగరాశాడు. నువ్వు అడిగేది ఏ కూర్పు గురించో ప్రశ్నలోనే చెప్పు.

ఛందస్సు ప్రశ్నలు మొత్తం మీద బాగున్నాయి, ఒక్కటి తప్ప. "పాదానికి 20 అక్షరాలు గల వృత్తం ఏది?" అని అడిగి ఉత్పలమాల, చంపకమాల, శార్దూలం, మత్తేభం ఇచ్చావు. కీ ఉత్పలమాల అన్నావు. మత్తేభానికీ ఇరవయ్యే! గబగబా రాసుకుంటూ పోతే జరిగేది ఇదే, తెలిసిన విషయంలోనే కాలు జారుతుంది. పదో అక్షరం యతిస్థానం అని కలిపితే ప్రశ్న నిలబడుతుంది, మత్తేభానికి యతి పద్నాలుగు కాబట్టి. కానీ అప్పుడు కూడా అది బట్టీ ప్రశ్నే. దాని బదులు ఇలా అడుగు: "ఉత్పలమాల పాదంలో మొదటి గురువు స్థానంలో రెండు లఘువులు వేస్తే వచ్చే పాదం ఏది, అందులో యతి ఎన్నో అక్షరం?" ఉత్పలమాల గణాలు భ-ర-న-భ-భ-ర-వ కాగితం మీద గురులఘువులుగా వేసుకుని, మొదటి గురువు కొట్టేసి, అక్కడ రెండు లఘువులు పెట్టి, మళ్లీ గణాలు విడగొడితే న-జ-భ-జ-జ-జ-ర వస్తుంది. చంపకమాల. ముందు ఒక అక్షరం పెరిగింది కాబట్టి యతి పదకొండుకు జరుగుతుంది. తప్పు ఆప్షన్లు వాటంతటవే వస్తాయి. 'చంపకమాల, 10' అని పెట్టినవాడు యతి కూడా జరుగుతుందన్నది మరిచాడు. 'మత్తేభం, 14' పెట్టినవాడు శార్దూలం నుంచి మత్తేభం వచ్చే తీరును దీనితో కలిపేసుకున్నాడు. వాడికి సగం తెలుసు, అందుకే ఆ ఆప్షన్ అంత బాగా పనిచేస్తుంది.

"తొలి తెలుగు కథ ఏది?" అన్నది మాత్రం మొత్తంగా తీసెయ్యి. గురజాడ 'దిద్దుబాటు' 1910లో వచ్చింది. భండారు అచ్చమాంబ 'ధనత్రయోదశి' 1902 నాటిది. రెండూ ఆప్షన్లలో పెడితే ఎవరు ఏది పెట్టినా కొట్లాటే. ఒకటే పెడితే నువ్వు ఒక పక్షం తీసుకున్నట్టు. తొలి నవల కూడా అంతే, 1872 నాటి 'శ్రీరంగరాజ చరిత్ర'ను వెనకేసుకొచ్చేవాళ్లున్నారు, వీరేశలింగం 'రాజశేఖర చరిత్ర'ను పట్టుకున్నవాళ్లున్నారు. కాలక్రమంలో అమర్చమనే ప్రశ్నలో నన్నయ పక్కన నన్నెచోడుణ్ణి కూర్చోబెట్టడం ఇంకా ప్రమాదం. 1909లో మానవల్లి రామకృష్ణకవి నన్నెచోడుడి 'కుమారసంభవం' ప్రచురించి, నన్నెచోడుడు నన్నయ కంటే ముందువాడని అన్నప్పటి నుంచీ ఆ తగువు నడుస్తూనే ఉంది. తగువులున్న చోటికి వెళ్లొద్దని కాదు. తగువునే ప్రశ్నగా మార్చు. "'దిద్దుబాటు'ను తొలి కథానికగా నిలబెట్టేవారు దేన్ని ఆధారం చేసుకుంటారు?" అని అడిగితే, 'అది అన్నిటికంటే ముందు అచ్చవడం' అన్నది చక్కటి తప్పు ఆప్షన్ అవుతుంది. కథానిక నిర్మాణం అన్నది జవాబు అవుతుంది. నువ్వు ఏ పక్షమో ఎవరికీ తెలియక్కర్లేదు.

ఇక ప్రతిపాదన-కారణం ప్రశ్నలు, అంటే ఒక మాట, దానికి కారణంగా ఇంకో మాట ఇచ్చి రెండూ అతుకుతాయా అని అడిగేవి. వీటిని చూస్తే నాకు ఎప్పుడూ కాస్త టెన్షనే. సైన్సులో ఫలానా దానికి ఫలానా కారణం అని తేల్చవచ్చు, సాహిత్యంలో అది చాలాసార్లు ఒక విమర్శకుడి అభిప్రాయం. నీ ప్రశ్న: ప్రతిపాదన, జాషువ 'గబ్బిలం' సందేశకావ్యం. కారణం, కథానాయకుడికి ప్రవేశం లేని గుడిలోకి గబ్బిలం వెళ్లగలదు. కీలో 'రెండూ సరైనవి, కారణం ప్రతిపాదనకు సరైన వివరణ' అన్నావు. కాదు కదా! దూతను పంపి కబురు చెప్పించడం వల్ల అది సందేశకావ్యం అయింది. గుడి సంగతి వివరించేది దూతగా గబ్బిలాన్నే ఎందుకు ఎంచుకున్నాడన్నది. కాబట్టి ప్రతిపాదనను మార్చు: "హంసనో మేఘాన్నో కాక గబ్బిలాన్ని దూతగా ఎంచుకోవడం ఆ కావ్యానికి కీలకం." ఇప్పుడు కారణం దానికి అతుకుతుంది. పైగా కాళిదాసు మేఘం గుర్తున్నవాడికి తేడా ఎక్కడుందో తడుతుంది. ఒక ప్రశ్నను తిరగరాయడం అంటే చాలాసార్లు ఇంతే, ఒక్క వాక్యం మారితే చాలు. ఆ వాక్యం ఏదో పట్టుకోవడానికే సమయం పడుతుంది.

జతపరచండి ప్రశ్నలో తెలుగు భాగవతంలో ఏ స్కంధం ఎవరు రాశారన్నది పెట్టావు: గంగన ఐదో స్కంధం, సింగన ఆరో స్కంధం, నారయ పదకొండు, పన్నెండు. విషయం సరే. కానీ సింగన-ఆరు అన్న జత నీ నాలుగు కోడ్‌లలో (జతల కూర్పులుగా ఇచ్చిన ఆప్షన్లలో) ఒక్కదాంట్లోనే ఉంది. అది ఒక్కటి తెలిస్తే మిగతావి తెలియకుండానే మార్కు వస్తుంది. సరైన ప్రతి జతా కనీసం రెండు కోడ్‌లలో కనిపించాలి. కుడి వైపు ఒక అంశం ఎక్కువ ఇస్తే ఇంకా మంచిది.

చిన్నవి కొన్ని. నీ జవాబులన్నీ పొడుగ్గా ఉన్నాయి. అభ్యంతరం వస్తుందేమోనన్న భయంతో జవాబుకు మాత్రం 'సాధారణంగా', 'ప్రధానంగా' తగిలిస్తావు, మిగతావి పొట్టిగా వదిలేస్తావు. కోచింగ్‌కు వెళ్లిన పిల్లలకు మొదట నేర్పేది పొడుగు ఆప్షన్ పెట్టమనే. "ఈ నవల రచయిత్రి ఎవరు?" అని అడిగి ముగ్గురు మగవాళ్లను పెట్టావు, అది నవ్వుకోవడానికి బాగుంది. 'పైవన్నీ' వద్దు, కంప్యూటర్ పరీక్షలో ఆప్షన్ల వరస మారిపోతే 'పైవన్నీ' పైకి వచ్చి కూర్చుంటుంది. 'కానిది' అని అడిగితే ఆ మాట బొద్దు అక్షరాల్లో ఉండాలి.

సమయం కూడా లెక్క వేసుకో. నెట్‌లో రెండు పేపర్లూ కలిపి మూడు గంటల్లో 150 ప్రశ్నలు. సగటున ప్రశ్నకు 72 సెకన్లు. నువ్వు సీసపద్యం మొత్తం ఇచ్చి, కింద ఒక్కొక్కటి రెండు లైన్లు ఉన్న ఆప్షన్లు ఇచ్చావు. పద్యం చదివి అన్వయించుకునే లోపే టైమ్ అయిపోతుంది, పిల్లలు చివరికి గుడ్డిగా పెట్టేస్తారు. నెగటివ్ మార్కులు లేవు కాబట్టి పెట్టడంలో తప్పూ లేదు. పద్యం ఇవ్వాలంటే ఒక్క పాదం ఇవ్వు, లేదా ఒకే పద్యం మీద మూడు నాలుగు ప్రశ్నలు అడుగు.

తిరగరాసేటప్పుడు నేను చేసే పని ఒకటి చెప్తాను. ప్రశ్న భాగం మూసేసి, ఆప్షన్లు మాత్రమే సాహిత్యంతో సంబంధం లేని లెక్కల మాస్టారికో కెమిస్ట్రీ మేడమ్‌కో చూపించి, జవాబు ఏది అయ్యుంటుందో ఊహించమంటాను. వాళ్లు వరసగా సరిగ్గా ఊహిస్తున్నారంటే ఆప్షన్లే జవాబును బయటపెడుతున్నట్టు. తర్వాత అదే ప్రశ్నను సబ్జెక్టు బాగా తెలిసినవాళ్లకిచ్చి, కీ తప్పని వాదించమంటాను. మొహమాటం లేనివాళ్లను ఎంచుకో. "బాగుంది" అనేవాళ్లతో ఈ పనికి ఉపయోగం లేదు.

గబ్బిలం, గిరీశం, భాగవతం ప్రశ్నలు మార్చి ఈ ఆదివారం లోపు పంపు, తొలి కథ స్థానంలో కొత్తది ఏదైనా రాయి. టెస్టు అయ్యాక మార్కుల లిస్టు ఒక్కటే పంపితే నాకు సరిపోదు. ఒక్కో ప్రశ్నలో ఒక్కో ఆప్షన్‌ను ఎంతమంది పెట్టారో లెక్క తీయించు. మొత్తం మార్కుల్లో పైన ఉన్న నాలుగో వంతు పిల్లలు ఏం పెట్టారో, కింద ఉన్న నాలుగో వంతు ఏం పెట్టారో విడివిడిగా కావాలి. పైవాళ్ల కంటే కిందివాళ్లే ఎక్కువమంది సరిగ్గా పెట్టిన ప్రశ్న ఏదైనా ఉంటే ముందు కీ సరిచూడు, కీ సరైనదే అయితే ప్రశ్నను పక్కన పెట్టి ఉంచు. అదీ, ఎవరూ ముట్టుకోని ఆప్షన్లూ ముందేసుకుని ఇద్దరం కూర్చుందాం.

ఆశీస్సులతో,
మీ మాస్టారు