రాత్రి చికెన్ సలాడ్ సరే, అన్నం మానేసిన సంగతి మీ డాక్టర్‌కి చెప్పారా?

ప్రశ్న: మా వారికి 52 ఏళ్ళు. తొమ్మిదేళ్ళుగా షుగర్ ఉంది. గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన మాత్ర పొద్దున, రాత్రి తిండికి ముందు వేసుకుంటారు. ఇద్దరం ఉద్యోగాల నుంచి ఇల్లు చేరేసరికి ఎనిమిదిన్నర దాటుతుంది. బరువు తగ్గాలని నెల రోజులుగా ఆయన రాత్రిపూట అన్నం, చపాతీ మానేసి చికెన్ సలాడ్ ఒక్కటే తింటున్నారు. అరగంటలోపు అయిపోయేలా, ఆరోగ్యానికి మంచిదయ్యేలా దీన్ని ఎలా చేసుకోవాలి? మయోనీజ్ వాడొచ్చా? ఆదివారం చికెన్ ఉడికించి వారమంతా ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చా? ఈ మధ్య రాత్రి రెండు, మూడింటికి ఒళ్ళంతా చెమటలు పట్టి లేస్తున్నారు. గ్యాస్ మాత్ర వేసుకుంటే సర్దుకుంటోంది. మధ్యలో ఒకసారి విరేచనాలైతే మెడికల్ షాపులో అడిగి మాత్రలు తెచ్చుకున్నాం. తగ్గిపోయింది.
– ఒక పాఠకురాలు, ఉప్పల్, హైదరాబాద్

సమాధానం: అమ్మా, సలాడ్ గురించి చెప్తాను. ముందు ఆ చెమటల సంగతి చూద్దాం. ఉత్తరం చివర్లో మీరు రెండు ముక్కల్లో రాసేశారు గానీ, నాకు ఆందోళన కలిగించింది అదే.

గ్లిమెపిరైడ్ వేసుకునే మనిషి రాత్రి అన్నం మానేసి, అర్ధరాత్రి దాటాక చెమటలతో లేస్తున్నాడంటే మాకు మొదట వచ్చే అనుమానం షుగర్ పడిపోతోందని. ఆయన్ని చూడకుండా ఇదేనని నేను తేల్చి చెప్పలేను. ఇంట్లో గ్లూకోమీటర్ ఉంటే ఈ రాత్రి నుంచే మంచం పక్కన పెట్టుకోండి. లేకపోతే ఇవాళే కొనండి. చెమట పట్టిన ఆ నిమిషంలోనే వేలికి గుచ్చి చూడండి, తెల్లారాక చూస్తే ప్రయోజనం లేదు. 70 కంటే తక్కువ వస్తే అది లో షుగర్. వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి గానీ, అర గ్లాసు పళ్ళ రసం గానీ ఇవ్వండి. పదిహేను నిమిషాలు ఆగి మళ్ళీ చూడండి. ఇంకా తక్కువే ఉంటే మళ్ళీ ఇవ్వాలి. పెరిగాక ఒక పుల్కానో, కొంచెం పెరుగన్నమో తినిపించండి. ఈ రకం మాత్ర చాలా గంటలు పనిచేస్తుంది కాబట్టి ఒకసారి లేచిన షుగర్ మళ్ళీ పడొచ్చు. మీటర్ చేతికి అందకపోతే దాని కోసం వెతుకుతూ కూర్చోకుండా చక్కెర ముందు ఇచ్చేయండి. మనిషి పిలిచినా పలకకుండా ఉంటే మాత్రం నోట్లో ఏమీ పోయకండి. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి.

ఇంకో మాట. షుగర్ ఉన్నవాళ్ళకు గుండెపోటు కూడా ఒక్కోసారి పెద్ద నొప్పి లేకుండా, చెమటలతో, గ్యాస్ పట్టేసినట్టుగా వస్తుంది. ఛాతీ బరువుగా ఉన్నా, ఆయాసం వచ్చినా, మీటర్‌లో షుగర్ మామూలుగా ఉండి చెమటలు ఆగకపోయినా, తెల్లారేదాకా ఆగకండి. ఈసీజీ తీసే దగ్గర్లోని ఎమర్జెన్సీకి వెళ్ళిపోండి.

మరి గ్యాస్ మాత్రతో ఎలా సర్దుకుంటోందని మీరు అడగొచ్చు. షుగర్ పడినప్పుడు ఒళ్ళే అడ్రినలిన్ లాంటి హార్మోన్లను వదులుతుంది. ఆ చెమట, వణుకు, గుండె దడ వాటివల్ల వచ్చేవే. అవి కాలేయంలో దాచుకున్న చక్కెరను రక్తంలోకి తెస్తాయి. కాసేపటికి మనిషి తేరుకుంటాడు. ఆ కాసేపట్లో మీరు గ్యాస్ మాత్ర వేశారు కాబట్టి పేరు దానికి వచ్చింది. ఇలా మాటిమాటికీ పడుతుంటే కొంతకాలానికి ఆ చెమట పట్టడం కూడా తగ్గిపోతుంది. అప్పుడు ముందస్తు హెచ్చరిక లేకుండానే మనిషి స్పృహ తప్పొచ్చు.

పోయిన ఎండాకాలంలో ఒక పెద్దాయన్ని కొడుకు తెల్లవారుజామున తీసుకొచ్చాడు. చొక్కా గుండీలు ఒకదానికొకటి తప్పి పెట్టుకున్నారు, మాట ముద్దగా వస్తోంది, బనియను తడిసి ఒంటికి అతుక్కుపోయి ఉంది. రెండు గంటలుగా ఇంట్లో గ్యాసనే అనుకుని సోడాలో ఉప్పు, నిమ్మరసం పిండి తాగించారట. వేలికి గుచ్చి చూస్తే 38. అదే సోడాలో రెండు చెంచాల చక్కెర పడి ఉంటే దారిలోనే తేరుకునేవారు. ఆయనా అంతే, కొత్తగా రాత్రి భోజనం మానేశారు, మాత్ర మాత్రం తప్పకుండా వేసుకుంటున్నారు.

మీ ఇంట్లో జరుగుతున్నది కూడా అదే అయ్యుండొచ్చు. చికెన్‌లో పిండి పదార్థం ఉండదు. కీరా, టమాటా, క్యాబేజీల్లో ఉన్నది చాలా కొద్ది. ఒక కప్పు అన్నంలో సుమారు 45 గ్రాములు ఉంటుంది. ఆయనకు ఆ మోతాదు రాసిన డాక్టర్, రాత్రి అన్నమో చపాతీయో తింటారన్న లెక్కతోనే రాసి ఉంటారు. మీరు పళ్ళెం మార్చారు, మాత్ర మార్చలేదు. బరువు తగ్గాలనుకోవడం మంచి ఆలోచనే, నేనూ నా పేషెంట్లకు అదే చెప్తాను. కానీ షుగర్ మాత్రలు వేసుకునేవాళ్ళు తిండి మార్చే ముందు ఒక్క ఫోన్ చేయాలమ్మా. మాత్ర తగ్గించండి, మానేయండి అని నేను ఇక్కడి నుంచి రాయకూడదు. అది ఆయన కాగితాలన్నీ చూసే డాక్టరే చెప్పాలి. ఆ మాట అడగడానికి ఇవాళే ఫోన్ చేయండి. అప్పటిదాకా రాత్రి తిండిలో పిండి పదార్థం లేకుండా మాత్రం ఉంచకండి. పడుకునే ముందు మీటర్‌లో 100 కంటే తక్కువ ఉంటే ఏదైనా కొంచెం తిని పడుకోమనండి.

ఇక మెడికల్ షాపు మాత్రలు. ఇది వారానికి నాలుగైదుసార్లు నేను మాట్లాడే విషయం. అయినా మళ్ళీ చెప్తాను. మీరు తెచ్చుకున్న స్ట్రిప్ ఇంకా ఇంట్లో ఉంటే తీసి చూడండి. ఎడమ అంచున నిలువుగా ఎర్ర గీత ఉందా? ఉంటే, డాక్టర్ చీటీ లేకుండా వాడకూడని మందని అర్థం. విరేచనాలంటే మన దగ్గర కౌంటర్‌లో చేతికిచ్చేది చాలాసార్లు ఆఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ కలిసిన మాత్ర. ఆఫ్లాక్సాసిన్, సిప్రోఫ్లాక్సాసిన్ కుటుంబం మందులకు షుగర్‌ను పడేసే గుణం ఉంది. గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలతో కలిస్తే ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ. కౌంటర్‌లో ఉన్న అబ్బాయికి మీ వారు ఏ షుగర్ మాత్ర వేసుకుంటున్నారో తెలియదు. అతను అడగలేదు, మీరు చెప్పలేదు. చెమటలు మొదలైంది ఆ విరేచనాల రోజుల్లోనా, అంతకుముందేనా, ఒకసారి గుర్తు చేసుకోండి. మీ డాక్టర్‌కి అది చాలా పనికొస్తుంది.

బయటి తిండి పడక వచ్చే విరేచనాలు చాలావరకు రెండు మూడు రోజుల్లో వాటంతట అవే తగ్గుతాయి. కావాల్సింది ఓఆర్ఎస్. ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్ళలో కలిపి, కొద్దికొద్దిగా తాగాలి. షుగర్ ఉన్నవాళ్ళు కూడా విరేచనాలప్పుడు అది తాగొచ్చు, మీటర్‌లో చూసుకుంటూ ఉండాలి. రక్తం పడినా, జ్వరం వచ్చినా, మూత్రం తగ్గినా, వాంతులతో ఏమీ లోపల నిలవకపోయినా ఆస్పత్రికి రావాలి. నాలుగు మాత్రలు వేసి, తగ్గింది కదా అని మిగిలినవి డబ్బాలో దాచుకోవడం, మళ్ళీ ఎవరికో వస్తే అవే తీయడం దయచేసి ఆపండి. రేపు నిజంగా ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడు ఆ మందే పనిచేయకుండా పోతుంది.

ఇప్పుడు సలాడ్. అసలు విరేచనాలు ఎందుకు వచ్చాయో కూడా ఇందులోనే తేలుతుందేమో చూడండి.

ఆదివారం ఉడికించి వారమంతా వద్దు. వండిన చికెన్ ఫ్రిజ్‌లో మూడు, మహా అయితే నాలుగు రోజులు. అదీ వండిన రెండు గంటల్లోపు లోపల పెడితేనే. మన ఎండాకాలంలో అయితే గంటే. బదులుగా పచ్చి చికెన్‌ను ఒక్కో పూటకు సరిపడా పొట్లాలు కట్టి డీప్ ఫ్రీజర్‌లో పెట్టుకోండి. పొద్దున ఆఫీసుకు వెళ్ళేటప్పుడు ఒక పొట్లం గిన్నెలో పెట్టి ఫ్రిజ్ కింది అరలోకి మార్చండి, గట్టు మీద వదిలేయకండి. సాయంత్రానికి మెత్తబడి ఉంటుంది.

మనిషికి 150 గ్రాముల బోన్‌లెస్ చాలు. ముందు కూరగాయలు కడిగి, తరిగి పక్కన పెట్టుకుని, ఆ తర్వాతే చికెన్ ముట్టుకోండి. వరస తిరగబడితే పచ్చి చికెన్ నీళ్ళు అంటిన కత్తితోనే కీరా తరుగుతారు. కీరాను మనం ఉడికించం కదా. చికెన్‌ను కుళాయి కింద పెట్టి పసుపు, ఉప్పు వేసి మూడుసార్లు కడగడం మన ఇళ్ళలో అలవాటు. దానివల్ల సాల్మొనెల్లా లాంటి రోగక్రిములు పోవు, చుట్టూ ఉన్న గిన్నెల మీద తుంపర్లు పడతాయి. వాటిని చంపేది మంటే. వేలెడు వెడల్పు ముక్కలుగా కోసి, అల్లం వెల్లుల్లి, మిరియాల పొడి, నిమ్మరసం, చెంచా నూనె పట్టించి పెనం మీద మధ్యస్థంగా మంట పెట్టి పది నిమిషాలు కాల్చండి, మధ్యలో తిప్పుతూ. లావుగా ఉన్న ముక్కను మధ్యకు కోసి చూస్తే గులాబీ రంగు కనపడకూడదు. థర్మామీటర్ ఉన్నవాళ్ళకు లెక్క 74 డిగ్రీల సెల్సియస్.

కీరా, టమాటా, ఉల్లిపాయ, క్యాప్సికం, కొత్తిమీర మీ ఇష్టం. నేను పట్టుబట్టేది ఒక్కదానికే. ఆయన గిన్నెలో ఒక కప్పు ఉడికించిన కాబూలీ శనగలు వేయండి. పొద్దున నానబెట్టి వెళ్తే రాత్రి చికెన్ పని అయ్యేలోపు విడిగా కుక్కర్‌లో ఉడికిపోతాయి. 100 గ్రాముల ఉడికిన శనగల్లో సుమారు 27 గ్రాముల పిండి పదార్థం ఉంటుంది, అది రక్తంలోకి నెమ్మదిగా దిగుతుంది. శనగలు నానబెట్టడం మర్చిపోయిన రోజు పక్కన రెండు పుల్కాలు. మాత్ర సంగతి తేలేవరకు శనగలు వేసిన రోజు కూడా ఒక పుల్కా ఉండనివ్వండి.

మయోనీజ్ వద్దనే అంటాను. పచ్చి గుడ్డుతో చేసిన మయోనీజ్‌ను మన రాష్ట్ర ప్రభుత్వం 2024 అక్టోబర్ చివర్లో ఏడాదిపాటు నిషేధించింది, ఆ సమయంలో నగరంలో ఫుడ్ పాయిజనింగ్ కేసులు వరసగా వచ్చాయి. గడువు సంగతి ఎలా ఉన్నా పచ్చి గుడ్డు పచ్చి గుడ్డే. సీసాలో అమ్మేదానికి ఆ భయం తక్కువ గానీ, అందులో ఉండేది ఎక్కువగా నూనే. ఒక పెద్ద చెంచాకు దగ్గర దగ్గర 90 క్యాలరీలు. గట్టి పెరుగులో వేయించిన జీలకర్ర పొడి, నిమ్మరసం, చిటికెడు ఉప్పు వేసి గిలక్కొట్టి తినే ముందు కలుపుకోండి, సరిపోతుంది.

డాక్టర్ దగ్గరికి వెళ్ళేటప్పుడు గ్లూకోమీటర్, షుగర్ మాత్రల డబ్బా, బీపీ మాత్రలు ఉంటే అవి, ఆ మెడికల్ షాపు స్ట్రిప్ అన్నీ ఒక సంచిలో వేసుకెళ్ళండి. కొన్ని బీపీ మాత్రలు లో షుగర్ వణుకును, దడను బయటపడనివ్వవు, అందుకే అవీ చూపించాలి. కిడ్నీ పరీక్ష, అదే క్రియాటినిన్, చేయించి ఏడాది దాటితే ఆ మాట కూడా మీరే ఎత్తండి. కిడ్నీ మందగిస్తే ఈ షుగర్ మాత్ర ఒంట్లో ఎక్కువసేపు ఉండిపోతుంది. ఎన్ని రాత్రులు లేచారు, ఎన్ని గంటలకు, ఆ రోజు ఏం తిన్నారు, ఒక కాగితం మీద రాసుకెళ్ళండి. ఆయన పర్వాలేదు బాగానే ఉన్నానంటారు. ఆ కాగితం మీరే డాక్టర్ చేతికివ్వండి.

– జనరల్ ఫిజీషియన్, హైదరాబాద్