ఆ బొమ్మ మీవారికి ముందు చూపించాల్సింది

ప్రశ్న: పెళ్లై మూడేళ్లయింది. రాజమండ్రి నుంచి డాలస్ దగ్గర ఫ్రిస్కో వచ్చాను. భర్త ఉద్యోగ వీసాను బట్టి భార్యకు ఇచ్చే హెచ్4 వీసా కావడంతో ఉద్యోగం చేసే వీల్లేదు. మావారు మంచివారే. కానీ పగలంతా ఆఫీసు, రాత్రి ఇండియా టీమ్‌తో కాల్స్. ఒంటరితనం మీద ఒక పాత పాట ఉంది, మా నాన్న రేడియోలో వినేవారు. అది వింటూ ఐప్యాడ్‌లో ఒక బొమ్మ గీసి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టాను. అత్తగారు చూసి, 'కోడలికి ఏం తక్కువైంది? చుట్టాలంతా అడుగుతున్నారు' అని మావారికి ఫోన్ చేశారు. ఆయన 'నేనుండగా ఒంటరినంటావా? పరువు తీశావు' అని దాన్ని తీయించేశారు. అప్పటినుంచి ముభావంగా ఉంటున్నారు. నాకేమో ఆయనతో ఎలా చెప్పాలో తెలియదు. మళ్లీ బొమ్మ జోలికి వెళ్లలేదు. నాది తప్పా? ఆ బొమ్మ మీకూ పంపుతున్నాను.
– ఒక సోదరి

సలహా: మీ బొమ్మ చూశాను. వంటింటి కిటికీ దగ్గర అటు తిరిగి నిలబడ్డ అమ్మాయి, పొయ్యి మీద కుక్కర్, కిటికీ అవతల అపార్ట్‌మెంట్ పార్కింగ్. అన్ని గడుల్లోనూ కార్లున్నాయి, ఒక్కటి ఖాళీ. మీరు పాటలో మాటల్ని బొమ్మలోకి దించలేదు. ఆ పాట మిమ్మల్ని ఎక్కడ తాకిందో దాన్ని గీశారు. పాటకు బొమ్మ వేయడమంటే నా దృష్టిలో అదే. గీయడంలో మీ తప్పు ఏమీ లేదు.

ఇది మనకు కొత్త కూడా కాదు. రాజస్థాన్‌లోనూ దక్కన్‌లోనూ చిత్రకారులు వందల ఏళ్ల కిందటే రాగాలకు బొమ్మలు వేశారు. వాటిని రాగమాల చిత్రాలంటారు. తోడి అనే రాగాన్ని స్త్రీగా ఊహించి వేసిన తోడి రాగిణి బొమ్మలో ఒక స్త్రీ వీణ పట్టుకుని ఆరుబయట ఒంటరిగా ఉంటుంది. ప్రియుడు దగ్గర లేడు. ఆ వీణ వింటూ జింకలు చుట్టూ చేరతాయి. అలాంటి బొమ్మల్ని రాజులు అడిగి వేయించుకున్నారు, నలుగురికీ చూపించుకున్నారు. ఒంటరిగా ఉన్న ఆడమనిషి బొమ్మ పరువు తక్కువ విషయం ఎందుకవుతుంది?

మరి ఇంట్లో అంత గొడవ ఎందుకైంది? మీవాళ్లు దాన్ని ఫిర్యాదుగా చదివారు కాబట్టి. 'ఏం తక్కువైంది' అన్నప్పుడు మనవాళ్లు ఇల్లు, కారు, జీతం లెక్కేస్తారు. మాట్లాడే మనిషి ఆ లెక్కలోకి రాడు. మీ అత్తగారిని చెడ్డగా అనుకోకండి. చుట్టాలు అడుగుతుంటే ఏం చెప్పాలో తెలియక ఆవిడ కంగారుపడి ఉంటారు. మీవారి సంగతి వేరు. ఆ ఖాళీ గడి తన కారుదేనని ఆయనకు చూడగానే అర్థమై ఉంటుంది. కోపం వెనక నాకు కనిపిస్తున్నది బాధే. ఇద్దరి కోసం పగలూ రాత్రీ కష్టపడుతున్న మనిషికి 'నువ్వు లేవు' అన్నట్టు వినబడింది. అదీ మీ నోటితో కాదు, అందరితోపాటు ఫోన్‌లో చూసి తెలుసుకున్నారు. మీవైపు పొరపాటంటూ ఉంటే అదొక్కటే.

ఇప్పుడు చూపించండి. రాత్రి కాల్స్ అయ్యాక వద్దు, అలిసిపోయి ఉంటారు. శనివారం పొద్దున కాఫీలప్పుడు మంచిది. ముందు ఆ పాట పూర్తిగా వినిపించండి, నాన్నగారి రేడియో సంగతి చెప్పండి. తర్వాత బొమ్మ ఇచ్చి, 'ఇది మీ మీద ఫిర్యాదు కాదండీ, పగలు మనిల్లు ఇలా ఉంటుంది' అనండి. గడియారం లెక్క కూడా చెప్పండి. ఎండాకాలంలో అక్కడ మధ్యాహ్నం 12 అయితే రాజమండ్రిలో రాత్రి పదిన్నర, చలికాలంలో పదకొండున్నర. అమ్మ పడుకునే ఉంటుంది. అప్పటినుంచి సాయంత్రం ఆయన వచ్చేదాకా మీకు తెలుగులో పలకరించే గొంతు ఉండదు. ఆఫీసులో నలుగురి మధ్య ఉండే మనిషికి ఈ సంగతి తట్టకపోవచ్చు. ఆ వెంటనే అడిగేది చిన్నదిగా ఉండాలి. వారానికి రెండు రాత్రులు కాల్స్ పెట్టుకోకుండా ఉండటం, భోంచేశాక ఫోన్లు ఇంట్లో పెట్టి ఇద్దరూ కాసేపు నడవడం, ఇలాంటివి. అత్తగారితో మాత్రం ఆయన్నే మాట్లాడమనండి. 'అది పాటకు వేసిన బొమ్మమ్మా, మేం బాగానే మాట్లాడుకున్నాం' అని కొడుకు చెబితే ఆవిడ కుదుటపడతారు.

మీరు మళ్లీ గీయాలి. అదే పాటకు రెండో బొమ్మ వేయండి. సంతోషంగా కనబడాలని పూలూ ఇంద్రధనుస్సూ అద్దకండి. మొదటి దాంట్లో ఆ అమ్మాయి మొహం కనబడదు, ఈసారి ఇటు తిప్పండి. దిగులా, విసుగా, ఎవరిమీదైనా కోపమా? గీస్తుంటే మీకే తెలుస్తుంది. దాన్ని కూడా ముందు మీవారికే చూపించండి.

మీకు మనుషులూ కావాలి. హెచ్4 మీద కూడా చదువుకోవచ్చు. డ్రైవింగ్ రాకపోతే అన్నిటికంటే ముందు అది నేర్చుకోండి, ఫ్రిస్కోలాంటి చోట కారు లేకపోతే ఇంట్లోంచి కదల్లేం. సిలికానాంధ్ర మనబడిలో పిల్లలకు తెలుగు చెప్పేవాళ్లు స్వచ్ఛందంగా చెబుతారు. బొమ్మలు గీసే చెయ్యి ఉంది కాబట్టి పిల్లలు మిమ్మల్ని వదలరు. ఒక్క జాగ్రత్త: పని చేసుకునే అనుమతి లేకుండా బొమ్మలు అమ్మి డబ్బు తీసుకోకండి, వీసాకు ఇబ్బంది. మీవారి గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసే ఐ-140 అర్జీ ఆమోదమైతే మీరు ఆ అనుమతికి దరఖాస్తు చేసుకోవచ్చు, 2015 నుంచి ఆ వీలుంది. అది ఎంతవరకు వచ్చిందో ఆయన్ని అడగండి.

బొమ్మ జోలికి వెళ్లలేదన్న మాట మాత్రం నన్ను ఆపింది. అది అలక అయితే పోతుంది. కానీ రెండు వారాలకు మించి నిద్ర పట్టకపోవడం, తిండి సయించకపోవడం, దేనిమీదా మనసు నిలవకపోవడం ఉంటే డాక్టరును కలవండి. చచ్చిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా సరే, వెంటనే మీవారికి చెప్పండి, ఇలాంటి ఆలోచనలు వచ్చినవాళ్లకు సాయం చేసే అక్కడి 988 నంబరుకు ఫోన్ చేయండి. అది రాత్రీ పగలూ పనిచేస్తుంది.

ఇక స్టేటస్ సంగతి. మళ్లీ పెట్టాలో వద్దో మీరిద్దరూ మాట్లాడుకున్నాక నిర్ణయించుకోండి. పెట్టాలనుకుంటే వాట్సాప్ ప్రైవసీ సెట్టింగ్‌లో ఎవరెవరికి కనబడాలో ఎంచుకోవచ్చు. బొమ్మలంటే ఇష్టమున్న స్నేహితులకు కనబడితే చాలు.