అందరూ తల ఊపేస్తుంటే...

ప్రశ్న: ఐదుగురు సిబ్బందితో వ్యాపారం నడుపుతున్నాను. ఏ నిర్ణయం చెప్పినా మా వాళ్లు 'సరే సార్' అంటారు, తీరా దెబ్బ తగిలాక 'మాకు ముందే అనుమానంగా ఉంది' అంటారు. ఏం చేయాలి?

జవాబు: మీటింగ్‌లో ముందు మాట్లాడేది మీరేనా? అయితే సగం తప్పు అక్కడే ఉంది, యజమాని తన మాట చెప్పేశాక కాదనడానికి ఎవరికి నోరొస్తుంది చెప్పండి. ఇకనుంచి మీరు చివర్లో మాట్లాడండి. ఇంకోటి, గ్యారీ క్లైన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 2007లో 'ప్రీమార్టమ్' అనే పద్ధతి గురించి రాశారు. పని మొదలుపెట్టకముందే అది ఘోరంగా దెబ్బతిన్నట్టు ఊహించుకుని, ఎందుకలా అయిందో ఎవరికి వాళ్లు కాగితం మీద రాసి, తర్వాత ఒక్కో కారణం చొప్పున పైకి చదవాలి. లోపాలు వెతకమని మీరే అడిగారు కాబట్టి మొహమాటం ఉండదు. ఎప్పుడూ నోరు విప్పని అకౌంటెంట్ కూడా 'బాకీలు మూడు నెలలైనా వసూలు కాలేదు' అని రాసేస్తాడు (ఆ ముక్క ఆయనకు ఎప్పటినుంచో తెలుసు!). అది చదివేటప్పుడు మాత్రం ముఖం చిట్లించకండి, ఒక్కసారి చిట్లించారంటే మళ్లీ ఎవరూ నిజం రాయరు. ప్రతి చిన్నదానికీ ఇంత తతంగం అక్కర్లేదు, వెనక్కి తీసుకోగల నిర్ణయమైతే ఒకరికి అప్పజెప్పి వదిలేయండి.