ముందు ఏ తరగతో తేల్చుకోండి, కోర్సు సంగతి తర్వాత

చదువు - కొలువు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

సర్కారు బడుల్లో టీచర్లని తీసుకునే డీఎస్సీ, 16,347 పోస్టుల మెగా డీఎస్సీగా వచ్చి 2025లో ముగిసినప్పటి నుంచి బెజవాడ, గుంటూరు వైపు నుంచి మాకొస్తున్న ఉత్తరాల్లో టీచరు శిక్షణ గురించి అడిగేవే ఎక్కువ. పదిమందికీ పనికొచ్చే వాటికి ఇక్కడ జవాబిస్తున్నాం.

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. చిన్నపిల్లలకి చదువు చెప్పడమంటే ఇష్టం అంటుంది. డీఎల్‌ఈడీ అయితే రెండేళ్లలో అయిపోతుందని మా తమ్ముడు అంటున్నాడు. డిగ్రీ లేకుండా ఎందుకని మావారు. ఏం చేయమంటారు?
- ఒక తల్లి, మంగళగిరి

జవాబు: "చిన్నపిల్లలు" అన్నారు కదా, ఆ మాట దగ్గర ఇంకాస్త ఆగండమ్మా. ఒకటి నుంచి ఐదు దాకా చెప్పే సెకండరీ గ్రేడ్ టీచరుకి, అంటే ఎస్జీటీకి, ఇంటర్ తర్వాత చేసే రెండేళ్ల టీచరు శిక్షణ డీఎల్‌ఈడీ కావాలి. ఆరు నుంచి పది దాకా చెప్పే స్కూల్ అసిస్టెంటుకి డిగ్రీ, బీఈడీ కావాలి. ఒకప్పుడు ఈ రెండింటి మధ్య గోడ పల్చగా ఉండేది, ఇప్పుడు గట్టిపడింది (కారణం రెండో జవాబులో ఉంది). అందుకని ఏ కోర్సు త్వరగా అవుతుందని కాకుండా, ఏ వయసు పిల్లల ముందు ముప్పై ఏళ్లు నిలబడగలవని అమ్మాయిని అడగండి.

రెండూ ఒకటే పని కాదు. ఒక్క లెక్క చూడండి. మూడో తరగతి పిల్లాడు 52లోంచి 38 తీసేసి 26 అని రాస్తాడు. తీసివేత రాదని కొట్టేస్తే వాడి ఆలోచన మనకి అందలేదన్నమాట. వాడు 8లోంచి 2, 5లోంచి 3 తీశాడు, అంటే ప్రతి గడిలోనూ పెద్ద అంకెలోంచి చిన్నదాన్ని తీశాడు. "పక్కనుంచి అప్పు తెచ్చుకో" అని పదిసార్లు చెప్పినా ఆ తప్పు పోదు, ఎందుకంటే 5 అంటే ఐదు పదులని వాడికింకా తెలియదు. పదేసి పుల్లలు కట్టిన కట్టలు ఐదు, విడిగా రెండు పుల్లలు చేతికివ్వాలి. ఎనిమిది తియ్యమంటే విడి పుల్లలు చాలవు. ఒక కట్ట విప్పితే పన్నెండవుతాయి. అందులోంచి ఎనిమిది పోతే నాలుగు, మిగిలిన నాలుగు కట్టల్లోంచి మూడు పోతే ఒకటి. పద్నాలుగు వాడి చేతిలోనే ఉంటుంది. డీఎల్‌ఈడీలో రెండేళ్లూ నేర్చేది ఇలాంటి పని. ఇది మీ అమ్మాయికి ఉత్సాహంగా అనిపిస్తే డీఎల్‌ఈడీ ఆమె దారే. త్రికోణమితి చెప్పాలని మనసు లాగుతుంటే మాత్రం డిగ్రీ వైపు పంపండి.

డీఎల్‌ఈడీలో చేరడానికి డీసెట్ అనే ప్రవేశపరీక్ష రాయాలి. ఇంటర్‌లో 50 శాతం ఉండాలి, ఎస్సీ, ఎస్టీలకి 45 చాలు. మీకు దగ్గర్లో ఉమ్మడి గుంటూరు జిల్లా డైట్ (ప్రభుత్వ టీచరు శిక్షణ సంస్థ) బోయపాలెంలో, ఉమ్మడి కృష్ణా డైట్ అంగలూరులో ఉన్నాయి. ర్యాంకు వస్తే ముందు డైటే ఎంచుకోండి. ప్రైవేటు కాలేజీ కంటే ఫీజు చాలా తక్కువ, సర్కారు బడులతో సంబంధం ఎక్కువ.

మీవారి భయానికీ జవాబుంది. డీఎల్‌ఈడీ తర్వాత డిగ్రీ పూర్తిచేసుకోవచ్చు. రోజూ కాలేజీకి వెళ్లి డీఎల్‌ఈడీ చేసినవాళ్లు డిగ్రీలో 50 శాతం తెచ్చుకుంటే ఇగ్నో దూరవిద్య బీఈడీ ప్రవేశానికి పోటీ పడొచ్చు. విజయవాడలోనే ఇగ్నో ప్రాంతీయ కేంద్రం ఉంది. ఎస్జీటీగా చేరాక డిగ్రీ, బీఈడీ ఉంటే స్కూల్ అసిస్టెంట్ ప్రమోషన్‌కి దారి కూడా తెరుచుకుంటుంది.

హైస్కూలు వైపే మొగ్గితే రెండు దారులు. మూడేళ్ల డిగ్రీ, ఆపైన ఎడ్‌సెట్ అనే ప్రవేశపరీక్ష రాసి రెండేళ్ల బీఈడీ, మొత్తం ఐదేళ్లు. లేదా డిగ్రీ, బీఈడీ కలిసిన నాలుగేళ్ల ఇంటిగ్రేటెడ్ కోర్సు, ఐటెప్ అంటారు. దానికి ఇంటర్ తర్వాత ఎన్‌సెట్ అనే జాతీయ ప్రవేశపరీక్ష రాయాలి. మైసూరులోని ప్రాంతీయ విద్యా సంస్థ మన దక్షిణాది రాష్ట్రాల పిల్లల కోసం ఉన్నదే. ఆడపిల్లని అంత దూరం పంపడానికి వెనకాడకపోతే అది చాలా మంచి చోటు. ఇక్కడే డిగ్రీ చేయిస్తే ఒక్క జాగ్రత్త: 2023-24 నుంచి మన డిగ్రీల్లో ఒకే ప్రధాన సబ్జెక్టు ఉండే సింగిల్ మేజర్ పద్ధతి వచ్చింది. మేజర్, మైనర్ ఎంచుకునే ముందే ఎడ్‌సెట్ నోటిఫికేషన్‌లో ఏ మెథడాలజీకి, అంటే బీఈడీలో ఎంచుకునే బోధనా సబ్జెక్టుకి, డిగ్రీలో ఏ సబ్జెక్టులు ఉండాలో ఉన్న పట్టిక చదవండి. డిగ్రీ అయ్యాక చూస్తే దిద్దుకోడానికేమీ ఉండదు.

ప్రశ్న: బీజడ్‌సీ డిగ్రీ, బయాలజీ మెథడ్‌తో బీఈడీ అయింది. ఆరు నెలల బ్రిడ్జి కోర్సు చేస్తే ఎస్జీటీకి కూడా అర్హత వస్తుందని ఒక కోచింగ్ సెంటర్‌లో చెప్పి డబ్బు కట్టమంటున్నారు. కట్టాలా?
- ఒక పాఠకురాలు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: కట్టకండి. బీఈడీ వాళ్లు ప్రాథమిక తరగతులకి అర్హులని జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి (ఎన్‌సీటీఈ) 2018 జూన్ 28న ఇచ్చిన నోటిఫికేషన్ చెల్లదని సుప్రీంకోర్టు 2023 ఆగస్టు 11న తీర్పిచ్చింది. 2024 ఫిబ్రవరిలో మన డీఎస్సీ నోటిఫికేషన్‌లో ఎస్జీటీకి బీఈడీ వాళ్లని అనుమతిస్తే హైకోర్టు అడ్డుకుంది కూడా. మీరు విన్న బ్రిడ్జి కోర్సు ఉన్నమాట నిజమే. కాకపోతే అది 2018 నోటిఫికేషన్‌కీ 2023 తీర్పుకీ మధ్య ఉద్యోగంలో చేరిపోయిన బీఈడీ టీచర్ల కొలువు నిలబెట్టడానికి పెట్టింది. కొత్తగా దరఖాస్తు చేసేవారికి దానివల్ల ఒరిగేదేమీ లేదు.

మీ పోస్టు స్కూల్ అసిస్టెంట్ బయాలజీ, మీరు రాయాల్సిన టెట్ (టీచరు అర్హత పరీక్ష) పేపర్ 2ఏ. దానిమీదే ఉండండి. డీఎస్సీలో స్కూల్ అసిస్టెంట్ పేపరు 80 మార్కులకి ఉంటుంది. అందులో కంటెంట్, అంటే సబ్జెక్టు, 40, మెథడాలజీ, అంటే బోధనా పద్ధతులు, 20. బీఈడీలో చదివిన మెథడాలజీ చాలామంది మర్చిపోతారు, కంటెంట్ చూసుకుంటే చాలనుకుంటారు. మీరు ఆ పొరపాటు చేయకండి. కేంద్రీయ విద్యాలయాలు, నవోదయల మీద కూడా కన్నుంటే కేంద్రం పెట్టే టెట్, అంటే సీటెట్, రెండో పేపరు రాయండి. విజయవాడ, గుంటూరుల్లోనే రాసుకోవచ్చు.

ప్రశ్న: ప్రైవేటు కంపెనీలో పనిచేస్తున్నాను. వేరే రాష్ట్రంలో "నాన్ అటెండింగ్" బీఈడీ ఇప్పిస్తామని, పరీక్షలకి వెళ్తే చాలని ఒక ఏజెంటు అంటున్నాడు. సర్టిఫికెట్ నిజమైనదేనట. మంచిదేనా?
- ఒక పాఠకుడు, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: సర్టిఫికెట్ కాగితం అసలుదే కావచ్చు. మీరు అక్కడ చదివినట్టు చూపే మిగతా కాగితాలే అబద్ధాలవుతాయి. ఎన్‌సీటీఈ నిబంధనల ప్రకారం రెగ్యులర్ బీఈడీలో తరగతులకి 80 శాతం హాజరు, బడిలో చేసే ఇంటర్న్‌షిప్‌కి 90 శాతం హాజరు ఉండాలి. రెండేళ్లలో 20 వారాలు బడిలో గడపాలి. అదే రెండేళ్లు మీరు గుంటూరులో పూర్తికాలం ఉద్యోగం చేసినట్టు జీతం బ్యాంకులో పడుతూ ఉంటుంది, పీఎఫ్ జమవుతూ ఉంటుంది. రేపు ఎంపికయ్యాక ఎవరైనా ఒక్క ఫిర్యాదు పెడితే ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తారు. ఏజెంటు అప్పుడు ఫోన్ ఎత్తడు.

ఇంకో మాట కూడా చెప్పాలి, మాకు ఇదే ముఖ్యం. ఆ 20 వారాలూ ఎగ్గొట్టినవాళ్లు నేరుగా నలభై మంది ఎనిమిదో తరగతి పిల్లల ముందు నిలబడతారు. ఆ సంవత్సరం పిల్లలకి మళ్లీ రాదు.

ఉద్యోగం మానలేనంటే దూరవిద్య బీఈడీ ఉంది కానీ అది అప్పటికే డీఎల్‌ఈడీ వంటి టీచరు శిక్షణ పొందినవారికే. మీకది లేదు కాబట్టి ఎడ్‌సెట్ ఒక్కటే మార్గం. 150 మార్కులు, రెండు గంటలు: ఇంగ్లీషు 25, జనరల్ నాలెడ్జ్ 15, బోధనాభిరుచి 10, మీ సబ్జెక్టు 100. తప్పుకి మార్కులు కొయ్యరు కాబట్టి ఏ ప్రశ్నా వదలకండి. ఏడాది డబ్బు కూడబెట్టుకుని, సెలవు పెట్టో ఉద్యోగం మానో చేరండి. ఏ కాలేజీ అయినా ఫీజు కట్టే ముందు ఎన్‌సీటీఈ గుర్తింపు, యూనివర్సిటీ అనుబంధం రెండూ ఆ ఏడాదికి ఉన్నాయో లేదో చూడండి. గేటు మీద బోర్డు చూసి నమ్మొద్దు.

ఏడాది బీఈడీ వస్తోందని ఆగేవాళ్లూ రాస్తున్నారు. 2025 ఫిబ్రవరిలో ఎన్‌సీటీఈ బయటపెట్టిన ముసాయిదాలో అది ఉంది, కానీ నాలుగేళ్ల డిగ్రీ గానీ పీజీ గానీ ఉన్నవారికి. మూడేళ్ల డిగ్రీతో దానికోసం కూర్చోవడం దండగ.

ప్రశ్న: టెట్ పేపర్ 2ఏ సోషల్‌లో 92 వచ్చాయి. అర్హత వచ్చేసింది కదా, మళ్లీ రాయడం అవసరమా? అవనిగడ్డ వెళ్లి కోచింగ్ తీసుకోమని స్నేహితులు అంటున్నారు.
- ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: తప్పకుండా మళ్లీ రాయండి. డీఎస్సీ ర్యాంకులో రాతపరీక్షకి 80, టెట్‌కి 20. టెట్ 150ని 20కి కుదిస్తే మీ 92కి దక్కేది 12.27. 120 తెచ్చుకుంటే 16. తేడా 3.73 మార్కులు. డీఎస్సీలో ఒక్కో ప్రశ్నకి అర మార్కు కాబట్టి ఇది ఏడెనిమిది ప్రశ్నలతో సమానం. ర్యాంకులు పాయింట్ల తేడాతో తారుమారయ్యే చోట ఏడెనిమిది ప్రశ్నలంటే మాటలు కాదు. టెట్‌కి ఇప్పుడు జీవితకాలం విలువ, ఎన్నిసార్లు రాసినా ఎక్కువ వచ్చిన మార్కులే లెక్క. నష్టం లేదు.

పాత మార్కులని విడగొట్టి చూడండి. సైకాలజీ 30, తెలుగు 30, ఇంగ్లీషు 30, సోషల్ 60. 92 దగ్గర ఆగిన చాలామందికి సోషల్ బాగానే ఉంటుంది, ఇంగ్లీషు, సైకాలజీల్లోనే జారిపోతాయి. సైకాలజీని నిర్వచనాలుగా బట్టీపడితే ప్రశ్న సంఘటన రూపంలో వచ్చినప్పుడు తడబడతారు. పియాజే దశలని పేర్లుగా కాకుండా, "పొడుగు గ్లాసులో నీళ్లు ఎక్కువున్నాయన్న పిల్లాడు ఏ దశలో ఉన్నాడు" అన్నట్టు చదవండి. సోషల్ 60లో 12 బోధనాపద్ధతులవే, వాటికి రోజూ అరగంట చాలు.

అవనిగడ్డ సంగతి: నెలల తరబడి వేరే పని లేకుండా అక్కడే ఉండి చదివేవాళ్లకి ఆ ఊరి వాతావరణం నిజంగా పనిచేస్తుంది. ఉద్యోగం చేస్తూ వారాంతాల్లో వెళ్లొద్దామనుకుంటే బస్సు ప్రయాణమే మిగులుతుంది. ప్రభుత్వ పాఠ్యపుస్తకాలు అట్ట నుంచి అట్ట దాకా, పేజీల్లో పెట్టెలు కట్టి ఇచ్చిన చిన్న అక్షరాలు సహా చదవకుండా మాత్రం ఎక్కడికీ వెళ్లకండి.

ప్రశ్న: డీఎల్‌ఈడీ మొదటి సంవత్సరం. సూక్ష్మబోధనలో నాకు చేతులు వణుకుతాయి. ప్లాన్ రాసుకున్నా పాఠం సగంలో గంట కొట్టేస్తారు. ఏం చేయాలి?
- ఒక ఛాత్రోపాధ్యాయిని, గుడివాడ

జవాబు: సూక్ష్మబోధన, అంటే కొద్ది నిమిషాలు చిన్న భాగం చెప్పి తప్పులు దిద్దుకునే సాధన, ఉన్నదే ఆ వణుకు పోగొట్టడానికి. మొత్తం చక్రం 36 నిమిషాలు: చెప్పడం 6, లోపాలు వినడం 6, మళ్లీ ప్లాన్ 12, మళ్లీ చెప్పడం 6, మళ్లీ వినడం 6. ఒక విడతలో ఒక్క నైపుణ్యమే. ప్రశ్నలడిగే నైపుణ్యం చేస్తున్నప్పుడు బోర్డు రాత గురించి బెంగపడకండి. మీ తోటివాళ్లకి కూడా అదొక్కటే గమనించమని చెప్పండి.

గంట కొట్టేయడానికి కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే, ఒక పీరియడ్‌లో మూడు పీరియడ్ల సరుకు. 45 నిమిషాల్లో మొదటి ఐదారు నిమిషాలు పిల్లలకి ముందే తెలిసినదాన్ని కదిలించడానికి, చివరి పది వాళ్ల పలకలు, నోటుపుస్తకాలు చూడటానికి పక్కన పెడితే మీకు మిగిలేది అరగంటకి మించదు. అందులో ఒక్క కొత్త సంగతి, మూడు ఉదాహరణలు. ప్లాన్‌లో "విద్యార్థులు అవగాహన చేసుకుంటారు" అని రాయకండి. ఏం చేస్తే మీకు వాళ్లకి తెలిసిందని తెలుస్తుందో అది రాయండి: "ద, ధ ఉన్న నాలుగు మాటలు విని తప్పులేకుండా రాస్తారు". అప్పుడు ఎక్కడ ఆగాలో మీకే తెలుస్తుంది.

బోర్డుని మూడు భాగాలు చేసుకోండి. ఎడమవైపు తేదీ, పాఠం పేరు, కొత్త మాటలు, అవి గంట కొట్టేదాకా చెరపకూడదు. మధ్యలో పాఠం. కుడివైపు పిల్లలు వచ్చి రాయడానికి. కొత్త సుద్దముక్క కీచుమంటే రెండుగా విరిచి, వాలుగా పట్టుకుని రాయండి. రాశాక చివరి బెంచీ దాకా నడిచి మీ అక్షరం మీరే చదవండి. ఒత్తు కనపడకపోతే పిల్లలకీ కనపడదు. చేతులు వణికేవాళ్లకి ఆ నడక ఇంకో మేలు కూడా చేస్తుంది: తిరిగొచ్చేటప్పటికి ఊపిరి కుదురుకుంటుంది.

ప్రశ్న: మాది నందిగామ. నాలుగు, ఐదు తరగతులు ఖమ్మంలో, ఆరు నుంచి పది నందిగామలో చదివాను. డీఎస్సీకి నేను స్థానికుణ్ణేనా?
- ఒక పాఠకుడు

జవాబు: స్థానికులే. పదో తరగతితో ముగిసే వరుస నాలుగేళ్లు ఎక్కడ చదివారన్నది చూస్తారు, మీవి ఉమ్మడి కృష్ణాలోనే ఉన్నాయి. 80 శాతం పోస్టులు స్థానికులకే కాబట్టి ఇది చిన్న విషయం కాదు. నాలుగు నుంచి పది దాకా స్టడీ సర్టిఫికెట్లు ఇప్పుడే తెచ్చుకోండి, ఖమ్మంవి కూడా. పేరు, పుట్టినతేదీ అన్నింట్లో ఒకేలా ఉన్నాయా, బడి ముద్ర, ప్రధానోపాధ్యాయుడి సంతకం ఉన్నాయా అక్కడే నిలబడి చూసుకోండి. చదివింది మూతపడిన ప్రైవేటు బడి అయితే రికార్డులు ఎక్కడికి వెళ్లాయో మండల విద్యాశాఖాధికారి కార్యాలయంలో అడగండి. నోటిఫికేషన్ వచ్చాక అక్కడ క్యూ పెరుగుతుంది.