దవడ కీలు అతుక్కుపోయింది.. ఆపరేషన్ ఇప్పుడే చేయించాలా?

ప్రశ్న: మా బాబుకు తొమ్మిదేళ్లు. నాలుగేళ్ల క్రితం మెట్ల మీంచి పడి గడ్డం చిట్లితే కుట్లు వేశారు. తర్వాత నోరు తెరవడం మెల్లగా తగ్గిపోయి, ఇప్పుడు వేలు కూడా పట్టడం లేదు. గడ్డం ఎడమకు ఒరిగింది. రాత్రిళ్లు గురక పెడుతున్నాడు. దవడ కీలు అతుక్కుపోయింది, ఆపరేషన్ చేయాలంటున్నారు. పెద్దయ్యాక చేయించవచ్చా?

జవాబు: అంతవరకూ ఆగొద్దమ్మా. గడ్డానికి తగిలిన దెబ్బకు చెవి ముందుండే కీలు దగ్గర ఎముక విరగొచ్చు. పైన కుట్లు మానిపోతాయి కాబట్టి లోపలి సంగతి ఎవరికీ తట్టదు. అక్కడ చేరిన రక్తం గడ్డకట్టి, క్రమంగా ఎముకగా మారి దవడను పుర్రెకు అతికించేస్తుంది. అటువైపు దవడ ఎదగదు, అందుకే గడ్డం అటే ఒరుగుతుంది. ఆలస్యమైనకొద్దీ ఈ వంకర పెరుగుతుంది.

నన్ను ఎక్కువ ఆలోచింపజేస్తున్నది గురక. దవడ చిన్నదైతే నాలుక వెనక్కి జరిగి గాలిదారి ఇరుకవుతుంది. నిద్రలో ఊపిరి ఆగి ఉలిక్కిపడుతున్నాడేమో చూడండి, ఫోన్‌లో వీడియో తీసి డాక్టరుకు చూపించండి. అలా ఉంటే దవడను ముందుకు జరిపే చికిత్స ముందుగా చేయాల్సి రావచ్చు.

మందులతో ఇది తగ్గదు. సీటీ స్కాన్ చూసి, చెవి ముందు కోతపెట్టి అతుక్కున్న ఎముకను తీసేస్తారు. మళ్లీ అతుక్కోకుండా ఆ ఖాళీలో కణత కండరం పొరను అమరుస్తారు. ఆపరేషన్ బల్ల మీద ఉండగానే నోరు 35 మిల్లీమీటర్లయినా తెరుచుకోవాలి. పిల్లల్లో కొన్నిసార్లు పక్కటెముక ముక్కతో కీలును తిరిగి కడతారు. కనుబొమ్మ ఎత్తే నరం కొన్నాళ్లు బలహీనపడొచ్చు, చాలావరకు కోలుకుంటుంది. నోరు తెరుచుకోదు కనుక మత్తు ఇచ్చేటప్పుడు ముక్కులోంచి సన్నని కెమెరా గొట్టంతో శ్వాసగొట్టం వేస్తారు. ఆ ఏర్పాటు, అలవాటున్న మత్తు డాక్టరు ఉన్న చోటే చేయించండి.

అసలు పరీక్ష ఇంటికొచ్చాక. ఐస్‌క్రీం పుల్లల్లాంటి చదునైన చెక్క పుల్లలు ఒకదానిమీద ఒకటి పేర్చి పళ్ల మధ్య పెట్టి, ఒక్కోటీ పెంచుతూ రోజుకు చాలాసార్లు నోరు తెరిపించాలి. ఇలా కనీసం ఆరు నెలలు, వీలైతే ఏడాది. వాడు ఏడుస్తాడు, మీకు మనసొప్పదు. అక్కడే చాలామంది ఆపేస్తారు, కీలు మళ్లీ బిగుసుకుంటుంది. వ్యాయామానికి ముందు నొప్పి మాత్ర ఇవ్వవచ్చేమో డాక్టరును అడగండి. వారానికోసారి పై, కింది ముందు పళ్ల మధ్య దూరం స్కేలుతో కొలిచి రాసుకోండి. తగ్గుతున్నట్టు కనిపిస్తే, ఇచ్చిన తేదీ దాకా ఆగకుండా వెళ్లండి.

గడ్డం వంకర ఈ ఒక్క ఆపరేషన్‌తో పూర్తిగా పోకపోవచ్చు. మిగిలితే, ఎదుగుదల ఆగాక దాన్ని సరిచేయించుకోవచ్చు.