పౌడర్ హార్న్ కోసం ఆవు కొమ్మును చీలకుండా చప్పటగా నొక్కడం ఎలా?

పౌడర్ హార్న్ అంటే తుపాకి మందు నింపుకునే కొమ్ము. ఈ ప్రశ్న అడిగినవారు, కొమ్మును గంటసేపు నీళ్లలో మరిగించి బెంచ్ వైస్‌లో బిగిస్తే మొదలు (వెడల్పాటి చివర) దగ్గర చీలిందని రాశారు. నాకు తోచిన కారణాలు రెండు: కొమ్ము గోడ మందం ఒకే తీరుగా లేదు, వేడి చాలలేదు. నేను ఉండేది పెన్సిల్వేనియాలో. క్రిస్మస్ తర్వాత చెకుముకి తుపాకులకే (రాయి నిప్పురవ్వతో పేలే పాతకాలపు తుపాకులు) విడిగా జింకల వేట సీజన్ పెట్టే రాష్ట్రం కాబట్టి, పౌడర్ హార్న్ సొంతంగా చేసుకునేవాళ్లు ఇక్కడ బాగానే ఉన్నారు. నాకీ పని వాళ్ల దగ్గరే పట్టుబడింది.

కొమ్ము మన గోళ్లలాగే కెరాటిన్. వేడికి మెత్తబడి, చల్లారాక ఆ ఆకారంలోనే బిగుసుకుంటుంది. (జింక కొమ్ము ఎముక. ఎంత కాచినా వంగదు.) నీళ్ల వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. మొదలును కాస్త గుండ్రంగా సాగదీయడానికి అది సరిపోతుంది గానీ, చప్పట చేయాలంటే నూనెలో కాచాల్సిందే.

కాచేముందు గోడను పల్చన చేయండి. అసలు కష్టం ఇక్కడే, ఎక్కువమంది వదిలేసేదీ ఇదే. ఆకురాయితో బయట, గీకుడు కత్తితో లోపల తీసుకుంటూ, బోలుగా ఉన్న భాగమంతా సుమారు 3 మిల్లీమీటర్లకు తేవాలి. తెల్ల కొమ్మైతే లోపల చిన్న టార్చి వెలిగించి చూడండి, మందం ఉన్నచోట నీడ కడుతుంది. మందం, పల్చన కలిసే గీత దగ్గరే చీలిక మొదలవుతుంది. ఈ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు, మాస్కు తప్పనిసరి.

తర్వాత కొమ్మును పూర్తిగా ఆరనివ్వండి. లోపల తడి చుక్క ఉన్నా నూనె ఎగిరి మీద పడుతుంది. పొయ్యి ఆరుబయట పెట్టి, కళ్లద్దాలు, తోలు గ్లవ్స్ వేసుకోండి. నేను వేరుశనగ నూనె వాడతాను. థర్మామీటర్ 160 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉండాలి. 180 దాటితే కొమ్ము పొక్కి పెళుసెక్కుతుంది. కొద్దిసేపు ముంచి తీసి, పట్టకారుతో అంచు నొక్కి చూడండి. తడిసిన తోలులా లొంగితే సిద్ధమైనట్టే, లొంగకపోతే మళ్లీ ముంచండి. బలవంతం వద్దు.

లోపల దూర్చడానికి చప్పటగా చెక్కిన చెక్క దిమ్మె ముందే చేసి ఉంచుకోండి. అది లేకుండా నొక్కితే మధ్యలో మడత పడుతుంది. దిమ్మె దూర్చి, రెండు పలకల మధ్య పెట్టి, సీ క్లాంపులు (సి ఆకారంలో ఉండే మర బిగింపులు) అటొకటి ఇటొకటిగా కొద్దికొద్దిగా బిగించండి. కొన వైపు గట్టి భాగాన్ని పలకల బయటే ఉంచండి, అది ఎలాగూ నొక్కుకోదు. మర్నాటి దాకా విప్పకండి.

ఈ విద్య తుపాకులకంటే చాలా పాతది. లండన్‌లో కొమ్ము పనివాళ్ల సంఘం ప్రస్తావన 1284లోనే ఉంది. కొమ్మును చీల్చి, వేడి చేసి, పల్చటి రేకులుగా నొక్కి లాంతర్లకు అద్దాలుగా వాడేవారు. మాది శ్రీకాకుళం జిల్లా పాతపట్నం వైపు. అక్కడికి దగ్గరే ఉన్న పర్లాకిమిడిలో గేదె కొమ్మును కాచి పక్షుల బొమ్మలు చేస్తారు. అవి చూస్తూ పెరిగినందుకేమో, కొమ్ము వేడికి లొంగే ఆ క్షణం నాకిప్పటికీ చాలా ఇష్టం.

చల్లారాక ఆలస్యం చేయకుండా మొదలుకు చెక్క బిరడా అమర్చండి. ఇత్తడి మేకులో చెక్క మేకులో కొట్టి, సందుల్లో తేనెమైనం నింపండి. బిరడా లేని కొమ్మును ఎండలో కారులో వదిలితే మెల్లగా పాత ఆకారానికి తిరుగుతుంది. 1754-63లో ఉత్తర అమెరికాలో బ్రిటన్, ఫ్రాన్స్‌ల మధ్య జరిగిన యుద్ధకాలపు సైనికుల్లా కోటలు, నదుల పటాలు చెక్కించుకోవాలనుంటే ఇదంతా అయ్యాకే చెక్కండి.

ఇంకొకటి. కొమ్ములోంచి నేరుగా తుపాకి గొట్టంలోకి మందు పోయకండి. గొట్టం లోపల నిప్పురవ్వ మిగిలి ఉంటే కొమ్ములోని మందంతా చేతిలోనే పేలుతుంది. ముందు మందు కొలిచే చిన్న గొట్టంలోకి వంచుకుని, కొమ్ము కొనకు మూత పెట్టేసి, అప్పుడు పోయండి.